తాలింపు మిగిల్చిన పొర

పొయ్యికి సరిగ్గా పైనున్న అలమర తలుపు మీద, కింది అంచు దగ్గర, వేలితో ఒకసారి రాసి చూడండి. నిన్నటి జిడ్డయితే వేలికి అంటుకుంటుంది, గుడ్డతో తుడిస్తే పోతుంది. దాని కింద ఇంకో పొర ఉంటుంది. అది వేలికి అంటదు, వేలిని పట్టుకుంటుంది. లేత తేనెరంగులో, ఒక్కోచోట చుక్కలు చుక్కలుగా, దుమ్మునూ నూలుపోగులనూ దోమరెక్కలనూ తనలో ఇముడ్చుకుని ఉంటుంది. గోటితో గీకితే చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంది. నూనె అలా లేవదు, జారుతుంది. ఈ పొర నూనెగానే మొదలైంది గానీ ఇప్పుడు నూనె కాదు. వంటింటి అలమరల్ని శుభ్రం చేసే పని ఎందుకంత కష్టమో, ఎప్పుడు సులువో తెలియాలంటే ముందు ఈ మార్పు సంగతి తేలాలి.

తాలింపు దగ్గర మొదలుపెడదాం. బాండీలో నూనె 180 డిగ్రీల సెల్సియస్ దాకా కాగుతుంది. ఆవాలు వేస్తాం. ఆవగింజలో ఉన్న కాస్త తేమ ఆవిరై, బయటికి దారి లేక, పైపొట్టును పగలగొట్టుకుని వస్తుంది. చిటపట అదే. ఆ తర్వాత అప్పుడే కడిగిన కరివేపాకు. ఆకుకు అంటిన నీటిబొట్టు నూనెలో పూర్తిగా మునిగేలోపే ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే దాని ఘనపరిమాణం దాదాపు 1,600 రెట్లు పెరుగుతుంది. అంత ఆవిరి ఒక్కసారిగా పైకి లేచేటప్పుడు చుట్టూ ఉన్న నూనెను తుంపరలుగా చిమ్ముతుంది. పెద్ద తుంపరలు స్టవ్ మీదా గట్టు మీదా పడతాయి. అవి కంటికి కనిపిస్తాయి కాబట్టి వంటవగానే తుడిచేస్తాం. వెంట్రుక మందంలో పదోవంతు కూడా లేని చిన్న తుంపరలు మాత్రం మంట మీదనుంచి లేచే వేడిగాలి వెంట పైకి పోతాయి. బాగా కాగిన నూనెనుంచి కొవ్వు ఆమ్లాల ఆవిర్లు కూడా లేస్తాయి. చల్లటి తలుపు తగలగానే అవి మళ్లీ ద్రవమై పలచగా పరుచుకుంటాయి. పోపు వాసన హాల్లోకి వచ్చిందంటే ఆ తుంపరలో కొంతైనా వాసనతోపాటు బయల్దేరినట్టే. పొయ్యికి దూరంగా ఓ మూలనున్న ఫ్రిజ్ నెత్తిన కూడా జిడ్డు పేరుకోవడానికి కారణం ఇదే.

అలా చేరిన నూనె అక్కడ ఊరికే ఉండదు. నూనెలూ కొవ్వులూ అన్నీ గ్లిసరిన్, కొవ్వు ఆమ్లాలు కలిసి ఏర్పడ్డవేనని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మిషెల్ యూజీన్ షెవ్రోల్ 1823లో వెలువరించిన గ్రంథంలో నిరూపించాడు. కొవ్వు ఆమ్లం అంటే కార్బన్ పరమాణువుల పొడవాటి గొలుసు. ఆ గొలుసులో కొన్నిచోట్ల ద్విబంధాలుంటాయి. ద్విబంధానికి ఆనుకుని ఉన్న హైడ్రోజన్ పట్టు బలహీనం. గాలిలోని ఆక్సిజన్ ఆ చోటునే పట్టుకుంటుంది. ఒక అణువులో మొదలైన ఈ చర్య పక్క అణువును కదిలిస్తుంది, అది దాని పక్కదాన్ని. చివరికి ఒక గొలుసుకూ ఇంకో గొలుసుకూ మధ్య కొత్త బంధాలు పడతాయి. విడివిడిగా జారిపోయే అణువులు ఒకదానికొకటి ముడిపడి, తలుపు మేర అంతా అల్లుకున్న వలలా తయారవుతాయి. రసాయన శాస్త్రంలో దీన్ని పాలిమర్ అంటారు. మొదట చిక్కబడుతుంది, తర్వాత బంకగా మారుతుంది, ఆపైన గట్టిపడుతుంది. తైలవర్ణ చిత్రాలు ఆరేది ఇలాగే. ఐరోపా చిత్రకారులు శతాబ్దాలుగా రంగుల్ని అవిసె నూనెలో కలిపి వాడింది ఆ నూనె గాలి తగిలి గట్టిపడుతుంది కాబట్టే. వంటింటి అలమర మీద మనం నెలల తరబడి, మనకు తెలియకుండానే, రంగు లేని పెయింటు వేస్తున్నాం.

ఏ నూనె ఎంత త్వరగా ఇలా ముదురుతుందో అంచనా వేయడానికి అయోడిన్ విలువ అనే కొలత ఉంది. 100 గ్రాముల నూనె ఎన్ని గ్రాముల అయోడిన్‌ను పీల్చుకుంటుందో చూస్తారు. ద్విబంధాలు ఎన్ని ఎక్కువుంటే అంత ఎక్కువ పీల్చుకుంటుంది. అవిసె నూనెకు ఈ విలువ 170 నుంచి 200 దాకా ఉంటుంది. మామూలు పొద్దుతిరుగుడు నూనెకు 110 నుంచి 140, నువ్వుల నూనెకు 105 నుంచి 120, వేరుశనగ నూనెకు 85 నుంచి 105, పామాయిల్‌కు 50 పైచిలుకు, కొబ్బరి నూనెకు సుమారు 10. వేరుశనగ నూనె, నువ్వుల నూనె రాజ్యమేలిన తెలుగు ఇళ్లలో గత కొన్ని దశాబ్దాల్లో పొద్దుతిరుగుడు నూనె స్థిరపడింది. గట్టిపడే గుణం ఆ రెండింటికన్నా దీనికి ఎక్కువ. అలమర బాగుకోసం నూనె మార్చమని ఎవరికీ చెప్పను. నూనెను ఎంచుకోవాల్సింది ఒంటికోసం, రుచికోసం. వంటకు వాడుతున్నది సగం రంగునూనె అని తెలిస్తే మాత్రం తుడిచే వేళ మారుతుంది.

ఆవకాయ జాడీ దగ్గర ఈ రసాయన చర్యను అతి దగ్గరగా చూడొచ్చు. జాడీలోంచి గరిటె తీసినప్పుడల్లా ఒక బొట్టు మూతి మీదనుంచి జారి, పొట్ట మీదుగా పాకి, అడుగు అంచున ఆగుతుంది. జాడీ లోపల పచ్చడి మీద తేలే నువ్వుల నూనె సంవత్సరమైనా నూనెగానే ఉంటుంది. అక్కడ దానికి గాలి తగిలేది పైపైనే, వెలుతురు దాదాపు లేదు. బయట జారిన బొట్టు మాత్రం పలచటి పొర, నాలుగువైపులా గాలి. అది మొదట జిగురవుతుంది, తర్వాత ఎర్రటి లక్కలా గడ్డకట్టి జాడీని అరకు అతికించేస్తుంది. రెండు చేతులతో పట్టి ఎత్తితే టప్పున ఊడి వస్తుంది, అర మీద చంద్రవంకలా ముద్ర మిగులుతుంది. ఒకే నూనె, ఒకే ఏడాది. తేడా అంతా పొర మందంలోనే ఉంది. కొత్త ఇనుప పెనానికి నూనె రాసి, కాల్చి, మళ్లీ రాసి పదును చేసేటప్పుడు మనం కోరి తెచ్చుకునేది కూడా ఇదే పొర. పెనం మీద అది సుగుణం, అట్టు అంటుకోకుండా కాపాడుతుంది.

ఈ చర్య ఎంత వేగంగా సాగుతుందనేది వేడి మీద ఆధారపడి ఉంటుంది. రసాయన చర్యలు చాలామటుకు 10 డిగ్రీలు పెరిగితే రమారమి రెట్టింపు వేగంతో నడుస్తాయి. పొయ్యి పైనున్న అలమర అడుగుభాగం రోజుకు రెండు మూడు సార్లు వేడెక్కుతుంది. అందుకే అక్కడి జిడ్డు పక్క అలమర మీది జిడ్డుకన్నా ముందే ముదురుతుంది. వారం వారం తుడవాల్సిన చోటు, నెలకోసారి తుడిస్తే చాలే చోటు ఇంట్లో వేరువేరుగా ఉంటాయి. సంక్రాంతికో దసరాకో ఇల్లంతా బూజు దులిపి, డబ్బాలన్నీ దించి, అలమరలు కడిగే అలవాటు మనకుంది. పండగ శుభ్రత మీద నాకు గౌరవమే. పొయ్యి పైనున్న తలుపును కూడా ఆ ఒక్క రోజుకే వదిలేయడం మాత్రం అన్యాయం. ఎందుకంటే అది ఎవరో ఒక ఆడమనిషి భుజాల మీద పడుతుంది. ఇంట్లో ఇల్లాలో, పనిచేయడానికి వచ్చే అమ్మో, స్టూలెక్కి చేతులెత్తి పీచుతో గంటల తరబడి తోమాలి. మూడో రోజు తడిగుడ్డకు వచ్చే నూనెను మూడో నెలలో చేతిబలంతో గీకించడం ఆ మనిషి ఒంటిమీద వేసే అనవసరపు బరువు. ఆ తుడిచే పని ఇంట్లో మగవాళ్లదీ, పెద్దపిల్లలదీ ఎందుకు కాకూడదో చెప్పే కారణం రసాయన శాస్త్రంలో ఎక్కడా లేదు.

జిడ్డు నీళ్లను గమనిస్తూ శాస్త్రం చేసిన ఒక మహిళను ఇక్కడ తలుచుకోవాలి. ఆగ్నెస్ పాకెల్స్ జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో ఉండేది. 1862లో పుట్టింది. అప్పట్లో అక్కడి ఆడపిల్లలకు విశ్వవిద్యాలయం తలుపులు మూసి ఉండేవి. అనారోగ్యంతో ఉన్న తల్లిదండ్రులను చూసుకుంటూ, వంటింటి పని చేస్తూ, గిన్నెలు కడిగే నీటి మీద నూనె, సబ్బు ఎలా ప్రవర్తిస్తున్నాయో గమనించింది. అంతటితో ఆగలేదు. రేకు పళ్లెంలో నీళ్లు పోసి, దాని మీద అడ్డంగా ఒక రేకుపట్టీని జరుపుతూ నీటి ఉపరితలాన్ని పెంచుతూ తగ్గిస్తూ, ఒక చిన్న బొత్తాన్ని నీటిమీదనుంచి పైకి లాగడానికి ఎంత బలం కావాలో త్రాసుతో కొలిచింది. భౌతికశాస్త్రం చదువుతున్న తమ్ముడు ఫ్రెడరిక్ పుస్తకాలు తెచ్చి ఇచ్చేవాడు. 1891 జనవరిలో ఆమె తన ఫలితాలను ఇంగ్లండులోని భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీకి జర్మన్ భాషలో ఉత్తరంగా రాసింది. ఆయన ఆ ఉత్తరాన్ని ఇంగ్లీషులోకి మార్పించి ‘నేచర్’ పత్రికకు పంపాడు. మార్చి 12న అది అచ్చయింది. నీటి మీద ఒకే అణువు మందాన పరుచుకునే పొరల అధ్యయనానికి అది పునాది. అదే దారిలో ముందుకు సాగిన అమెరికన్ శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్‌కు 1932లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. అంట్లు తోముతూ ఆ నీళ్లను అంత శ్రద్ధగా చూసిన కళ్లు మరి ఎన్ని వంటిళ్లలో ఉండి, కాగితం మీదికి ఎక్కకుండా పోయాయో!

ఆమె కొలిచింది నీటి తలతన్యతను. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి, నూనెను దగ్గరికి రానివ్వవు. సబ్బు అణువుకు ఒక కొస నీటిని ఇష్టపడుతుంది, రెండో కొస నూనెను. నూనె కొసలన్నీ జిడ్డుబొట్టులోకి దిగబడి, నీటి కొసలు బయటికి చూస్తూ నిలబడితే ఆ బొట్టు తలుపును వదిలి నీటిలో తేలిపోతుంది. కుంకుడుకాయ చేసేదీ ఇదే. దాని గుజ్జులోని సాపోనిన్లకు సబ్బులాగే రెండు గుణాలున్నాయి. గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు గోరువెచ్చని నీటిలో వేసినా, చిక్కని కుంకుడు రసం వాడినా, వారం లోపు జిడ్డు ఏ తగవూ లేకుండా వస్తుంది. ముదిరిన పొర దగ్గర మాత్రం ఇవి ఓడిపోతాయి. అక్కడ విడిగా తేల్చడానికి బొట్టంటూ లేదు, అంతా ఒకే వల.

ఆ వలను తెంచేది క్షారం. గ్లిసరిన్‌కూ కొవ్వు ఆమ్లానికీ మధ్య ఉండే ఎస్టర్ బంధాలను క్షారం విరగ్గొడుతుంది. విడిపోయిన కొవ్వు ఆమ్లం ఆ క్షారంతోనే కలిసి సబ్బు అవుతుంది. అంటే పాత జిడ్డు తనను తాను కడుక్కునే సబ్బుగా మారుతుంది. కిరాణా కొట్లో దొరికే చాకలిసోడా, అంటే సోడియం కార్బొనేట్, దీనికి సరిపోతుంది. క్షారగుణాన్ని తెలిపే పీహెచ్ కొలతలో దాని ద్రావణం 11 దాకా ఉంటుంది. వంటసోడా పీహెచ్ 8 దాటి కొంచెమే, అది ఈ పనికి చాలా బలహీనం. పీహెచ్ కొలతలో ఒక్క అంకె తేడా అంటే పది రెట్లు కదా. లీటరు గోరువెచ్చని నీటికి ఒక పెద్ద చెంచా చాకలిసోడా, రెండు చుక్కలు గిన్నెల ద్రవం కలపాలి. గుడ్డ ముంచి, నీరు కారకుండా పిండి, జిడ్డు మీద పరిచి పది నిమిషాలు వదిలేయాలి. బంధాలు తెగడానికి ఆ వ్యవధి కావాలి. రుద్దినంత మాత్రాన ఆ వ్యవధి తగ్గదు. తర్వాత తుడిస్తే పసుపురంగు నురగతో వచ్చేస్తుంది. మంచినీళ్ల గుడ్డతో రెండుసార్లు, పొడిగుడ్డతో ఒకసారి తుడవాలి. చేతికి రబ్బరు తొడుగులు తప్పనిసరి. తలుపుమీది కొవ్వుకూ మన చర్మం మీది కొవ్వుకూ క్షారం తేడా చూడదు. అల్యూమినియం పిడులకూ, అల్యూమినియం చట్రానికీ, చిమ్నీలోని అల్యూమినియం జాలీకీ చాకలిసోడా తగలకూడదు. అల్యూమినియాన్ని కాపాడే ఆక్సైడ్ పొరను అది కరిగించి, లోహాన్ని నల్లగా చేస్తుంది. స్టీలు జాలీ అయితే వేడి సోడానీళ్లలో నిశ్చింతగా నానబెట్టొచ్చు.

వంటసోడా, వెనిగర్ కలిపి పొంగించి, ఆ పొంగుతో ఏ జిడ్డయినా పోతుందని చెప్పే చిట్కా ఒకటి బాగా ప్రచారంలో ఉంది. ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్. ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపుకున్నాక మిగిలేది కాస్త సోడియం ఎసిటేట్ కలిసిన నీళ్లు. దానికి జిడ్డును కదిలించే శక్తి లేదు. కంటికి ఏదో జరుగుతున్నట్టు కనిపిస్తుంది కాబట్టి మనసు నమ్ముతుంది. వెనిగర్‌కూ నిమ్మరసానికీ వేరే పని ఉంది. బోరునీళ్లు వాడే ఇళ్లలో సింకు పక్క తలుపుల మీద తెల్లటి మరకలు పడతాయి. అవి నీళ్లలోని కాల్షియం కార్బొనేట్. వాటిని ఆమ్లం చిటికెలో కరిగిస్తుంది. ఇంకో మాట. బ్లీచింగ్ ద్రవంలో ఏ ఆమ్లం కలిసినా క్లోరిన్ వాయువు వస్తుంది. కిటికీ మూసిన వంటింట్లో అది ప్రాణాంతకం. ఈ రెండింటినీ ఒకే పూట వాడకండి.

ఆమ్లం సంగతి వచ్చింది కాబట్టి కడప బండ గురించి చెప్పాలి. మాడ్యులర్ కిచెన్లు రాకముందు మన వంటింటి అరలన్నీ గోడలో బిగించిన నల్లటి కడప బండలే. పాత ఇళ్లలో ఇప్పటికీ అవే. కడప, నంద్యాల ప్రాంతాల గనుల్లో పొరలు పొరలుగా విడివడే ఈ రాయి సున్నపురాయి. తాండూరు బండ, బేతంచర్ల బండ కూడా ఆ జాతివే. ఆ చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నదీ ఈ రాయి కోసమే. సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేట్. తలుపు మీది తెల్లమరకను కరిగించే నిమ్మరసం ఈ బండనూ కరిగిస్తుంది. చింతపండు పులుసు ఒలికి రాత్రంతా ఉండిపోతే తెల్లారేసరికి నల్లబండ మీద నిగారింపు పోయిన తెల్లటి మచ్చ పడుతుంది. అది మురికి కాదు, ఆమ్లం రాయిని తినేసిన చోటు. ఎంత తోమినా పోదు, మళ్లీ పాలిష్ పట్టాల్సిందే. అలాంటి అరలకు ఆమ్లం వద్దు, సబ్బునీళ్లు చాలు. నా లెక్కలో మాత్రం కడప బండ అరకు సాటి వచ్చే అర ఇంకా రాలేదు. నీళ్లకు ఉబ్బదు, చెద పట్టదు, నలభై ఏళ్లయినా వంగదు.

పసుపు మరకది మరో కథ. పసుపులోని కర్‌క్యుమిన్ నీటిలో కరగదు, నూనెలో, ఆల్కహాల్‌లో కరుగుతుంది. తెల్లటి తలుపు మీద పసుపు చెయ్యి పడితే చాలామంది వెంటనే సబ్బో సోడానో వేస్తారు. మరక ఎర్రబడుతుంది. పసుపు, సున్నం కలిపి పారాణి చేసేటప్పుడు జరిగేదే ఇదీ. కర్‌క్యుమిన్ క్షారంలో ఎర్రబారుతుంది. కంగారు పడనక్కర్లేదు, కడిగేస్తే రంగు వెనక్కి వస్తుంది, మరక మాత్రం ఉండిపోతుంది. ముందు ఒక చుక్క వంటనూనెతో తుడిచి, ఆ నూనెను సబ్బుతో తీయడం మంచి వరుస. చేతులకు రాసుకునే శానిటైజర్ కూడా పనిచేస్తుంది, కానీ యాక్రిలిక్ తలుపుల మీద ఆల్కహాల్ వద్దు, సన్నటి బీటలు పడతాయి. అప్పటికీ ఛాయ మిగిలితే ఎండ తగిలేలా తలుపు తెరిచి ఉంచండి. వెలుతురుకు కర్‌క్యుమిన్ విరిగిపోతుంది. ఎండలో ఆరేసిన పసుపు బట్ట వెలవడం అందరికీ తెలిసిందే.

ఇప్పటి అలమర తలుపుల్లో ఎక్కువ భాగం లామినేట్‌వి, మనవాళ్లు సన్‌మైకా అనే రకం. దీని పుట్టుక వంటింట్లో కాదు. అమెరికాలో డేనియల్ ఓకానర్, హెర్బర్ట్ ఫేబర్ అనే ఇద్దరు ఇంజినీర్లు విద్యుత్ పరికరాల్లో అభ్రకానికి బదులు వాడటానికి రెసిన్ పట్టించిన పొరల పలకను తయారుచేసి, 1913లో కంపెనీ పెట్టారు. అభ్రకానికి బదులు కాబట్టి ఫార్మైకా అన్నారు. మన సన్‌మైకా పేరు చివర కూడా ఆ అభ్రకమే ఉంది, పలకలో మాత్రం అభ్రకం లేదు. ఫినాల్ రెసిన్ పట్టించిన గోధుమరంగు కాగితాలు, వాటి మీద రంగు కాగితం, ఆ పైన మెలమిన్ రెసిన్, అన్నీ వేడితో, ఒత్తిడితో ఒకటైపోతాయి. ఈ పైపొర నీళ్లకూ సోడాకూ లొంగదు. గరుకుకు లొంగుతుంది. గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచుల్లో చాలావాటికి అల్యూమినియం ఆక్సైడ్ రేణువులు అతికి ఉంటాయి. గట్టిదనంలో అవి మెలమిన్‌ను చాలా దూరం దాటిపోయాయి. ఆ పీచుతో ఒకసారి తోమిన నిగనిగల తలుపు మీద కంటికి ఆనని గీతలు పడతాయి. ఆ తర్వాత జిడ్డు ఆ గీతల్లోనే దాక్కుంటుంది. తోమేకొద్దీ త్వరగా మాసే తలుపు వెనక కారణం ఇది. మెత్తటి నూలుగుడ్డ, పాత బనీను గుడ్డ చాలు.

లామినేట్ బలహీనత పైన లేదు, అంచులో ఉంది. పలక వెనక ప్లైవుడ్ ఉంటుంది, లేదా ఎండీఎఫ్ ఉంటుంది. ఎండీఎఫ్ అంటే చెక్కను పీచుగా చేసి యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుతో అదిమిన బల్ల. నీరు తగిలితే పీచు ఉబ్బుతుంది, జిగురు విరుగుతుంది, ఆరినా మళ్లీ అణగదు. సింకు కింది తలుపు అడుగు అంచు చూడండి. పట్టీ ఎక్కడో గోరంత లేచి ఉంటుంది. ఆ సందులోంచి పీల్చుకున్న నీటితో బల్ల బూరె పొంగినట్టు పొంగి, పైపలకను తోసి, తలుపు మూసుకోకుండా చేస్తుంది. కొనేటప్పుడే సింకు చుట్టూ ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ అడగడం మంచిది. ఆ ప్రమాణం ప్రకారం నమూనాను 72 గంటలు మరిగే నీటిలో ఉంచినా పొరలు ఊడకూడదు. ఎండీఎఫ్ ఇప్పటికే ఉంటే అంచుపట్టీలే మీ కాపలా. లేచిన పట్టీని ఆ వారమే అతికించాలి, గుడ్డను ఎప్పుడూ పిండే వాడాలి.

సింకునుంచి వచ్చే నీళ్లు కనిపిస్తాయి, పొయ్యినుంచి వచ్చే నీళ్లు కనపడవు. వంటగ్యాస్ మండితే కార్బన్ డయాక్సైడ్‌తోపాటు నీటి ఆవిరి పుడుతుంది. ప్రొపేన్, బ్యూటేన్ రసాయన సమీకరణాలు రాసి లెక్క కడితే కిలో గ్యాస్‌కు కిలోన్నరకు పైగా నీరు తేలుతుంది. 14.2 కిలోల సిలిండరు అయిపోయేసరికి 22 లీటర్ల నీళ్లు ఆవిరిగా మన వంటింట్లోకి వచ్చాయన్నమాట. అన్నం, పప్పు వండేటప్పుడు కుక్కరు విజిళ్లనుంచి లేచేది దీనికి అదనం. చలికాలం పొద్దున పై అలమర అడుగున చెయ్యి పెడితే చెమ్మ తగిలేది ఇందుకే. కట్టెల పొయ్యి రోజుల్లో ఈ చెమ్మ ఉన్నా పొగ ఉండేది. పొగలోని ఫినాళ్లు బూజునూ పురుగునూ అడ్డుకునేవి, వాసాలకు వేలాడదీసిన విత్తనాల కంకులు అందుకే పుచ్చేవి కావు. వండే మనిషి ఊపిరితిత్తులు మాత్రం దానికి ధర చెల్లించాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకంతో పల్లెల్లోకి గ్యాస్ రావడం ఏ లెక్కన చూసినా మేలే. పొగతోపాటు గాలి వెళ్లే దారుల్ని కూడా మూసేసుకోవడమే మన పొరపాటు. వంట సాగినంతసేపూ కిటికీ తెరిచి ఉంచడం, ఎగ్జాస్ట్ ఫ్యాను వంట పూర్తయ్యాక కూడా పది నిమిషాలు తిప్పడం అలమరకు ఏ పాలిష్ కన్నా ఎక్కువ ఆయుష్షునిస్తాయి.

ఉప్పు డబ్బా ఉండే చోటు మీద కూడా ఒక కన్నేయాలి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. వానాకాలం విశాఖలోనో కాకినాడలోనో అది రోజూ జరిగేదే. మూత చుట్టూ రాలిన పలుకులు కరిగి, ఉప్పునీరై, స్టీలు బుట్ట పట్టాల మీదా తలుపు కీళ్ల మీదా పాకుతాయి. స్టీలును కాపాడే క్రోమియం ఆక్సైడ్ పొరను ఉప్పులోని క్లోరైడ్ చుక్కలు చుక్కలుగా పొడుస్తుంది. తుప్పు పట్టిన కీళ్లకు నూనె వేయడం కన్నా ఉప్పును జాడీలోకి మార్చి, చెక్క అరలో దూరంగా పెట్టడం తెలివైన పని.

ఏ పదార్థానికి ఏ చెక్క అని ఆలోచించి కట్టిన వంటిల్లు ఒకటి చరిత్రలో ఉంది. 1926లో వాస్తుశిల్పి మార్గరెటె ష్యూటె-లిహోట్స్కీ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కార్మికుల ఇళ్లకోసం రూపొందించింది దాన్ని. అలాంటివి దాదాపు 10,000 కట్టారు. ఇప్పటి మాడ్యులర్ కిచెన్లకు తల్లి అదే. పిండి పోసే సొరుగులను ఓక్ చెక్కతో చేయించింది, పిండిపురుగు ఆ చెక్కను దూరం పెడుతుందని. కూరలు తరిగే బల్లకు బీచ్ చెక్క, మరకలు పట్టదని. తలుపులకు నీలిరంగు, ఈగలు ఆ రంగు మీద వాలవన్న నమ్మకంతో. ఈగల సంగతి ఎలా ఉన్నా, ఒక పనిమంతురాలి శ్రమను తగ్గించాలని అంత వివరంగా ఆలోచించడం నాకు ఎంతో ఇష్టమైన విషయం.

మన అలమరలకు ఈగకన్నా బొద్దింకే పెద్ద సమస్య. లేత గోధుమరంగులో, మెడమీద రెండు నల్లచారలతో, సన్నగా ఉండే చిన్న బొద్దింకకు శాస్త్రీయనామం బ్లాటెల్లా జర్మానికా. అందులో జర్మానికా అన్నది 1767లో శాస్త్రవేత్త లినేయస్ పెట్టిన పేరు. అది జర్మనీది కాదు. 17 దేశాల బొద్దింకల జన్యువులను పోల్చి 2024లో ప్రచురించిన ఒక పరిశోధన, అది సుమారు 2,100 ఏళ్ల కిందట ఇండియాలోనో మయన్మార్‌లోనో ఆసియా బొద్దింకనుంచి విడివడిందని తేల్చింది. మనిషి ఇంటికి అలవాటు పడి, మనిషి సామాన్లతోనే ప్రపంచమంతా తిరిగింది. ఇంటి బయట అడవిలో అది బతకదు.

దానికి కావలసినవి మూడే. వీపూ పొట్టా రెండూ ఆనుకునేంత ఇరుకు సందు, నీళ్లు, కాస్త జిడ్డు. తిండి లేకున్నా నీళ్లుంటే నెల దాకా బతుకుతుంది, నీళ్లు లేకపోతే రెండు వారాలకే కష్టం. అంటే అర్ధరాత్రి సింకు కింద పైపునుంచి కారే చుక్క, గట్టు మీది అన్నం మెతుకుకన్నా దానికి విలువైనది. అర మీద పరిచిన పాత న్యూస్‌పేపరు దానికి కోరుకున్న ఇల్లు. కింద ఇరుకు, పైన నూనె పీల్చుకున్న కాగితం. ఆ కాగితం ఎత్తితే కనిపించే మిరియాల పొడిలాంటి నల్లటి రజను దాని మలం. అందులోని వాసన మిగతా బొద్దింకలను పిలుస్తుంది. పిల్లల్లో ఉబ్బసాన్ని రేపేవాటిలో ఆ మలమూ ఒకటి. చీపురుతో ఊడ్చేస్తే వాసన అక్కడే ఉండిపోతుంది. సబ్బునీళ్లతో కడగాలి. పేపరు మానేసి ఖాళీ అరనే ఉంచితే రెండు తుడుపుల్లో శుభ్రమవుతుంది.

మందులు కూడా ఈ శుభ్రత తర్వాతే పనిచేస్తాయి. బోరిక్ పౌడరును బొద్దింక నేరుగా తినదు. దాని మీదుగా నడిచి, కాళ్లకూ మీసాలకూ అంటిన పొడిని నోటితో తుడుచుకుంటూ మింగుతుంది. అందుకని కంటికి కనపడీ కనపడనంత పలచగా, పొడిగా చల్లాలి. కుప్పగా పోస్తే చుట్టూ తిరిగి పోతుంది. జిడ్డు తడిసిన చోట పొడి ముద్దయి వ్యర్థమవుతుంది. పిల్లలకు అందే చోట, తిండి డబ్బాల పక్కన చల్లనే కూడదు. తీపి ఎరల సంగతి మరీ విచిత్రం. కొన్ని తరాలపాటు గ్లూకోజ్ కలిపిన ఎరలు తిని చచ్చాక, గ్లూకోజ్ చేదుగా తోచే బొద్దింకలే మిగిలి పిల్లల్ని పెట్టాయి. అందుకే ఒకప్పుడు బ్రహ్మాండంగా పనిచేసిన ఎర కొన్నాళ్లకు పనిచేయడం మానేస్తుంది. ఆడది గుడ్ల తిత్తిని పొదిగే దాకా తన వెంటే మోస్తుంది, ఒక్కో తిత్తిలో 30 నుంచి 40 పిల్లలు. ఒక్కసారి మందు కొట్టి వదిలేస్తే నెల తిరిగేసరికి మళ్లీ మొదటికి వస్తుంది.

రాత్రి చివరి గిన్నె కడిగాక సింకు కింది తలుపు తెరవండి. పైపు చేరికల దగ్గర పొడిచేత్తో తడిమితే కారుతున్నదీ లేనిదీ తెలుస్తుంది. పైపు గోడలోకి పోయే చోట చుట్టూ సందు ఉంటే వైట్ సిమెంటుతోనో సిలికాన్‌తోనో మూసేయండి, బొద్దింకలు పక్క ఇంటినుంచి వచ్చే దారి చాలాసార్లు అదే. అడుగు బల్లను పొడిగుడ్డతో తుడిచి, తెల్లారేదాకా ఆ తలుపు తీసే ఉంచండి.